ముందు కొన్నవారికి తక్కువ, వెనక వచ్చినవారికి ఎక్కువ: ఆలస్యపు పోర్టుల తగవు ఎక్కడ మొదలైంది?

2026 జనవరి 22న స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ ఆట ‘ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్ ఇంటర్‌గ్రేడ్’ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకూ నింటెండో స్విచ్ 2కూ వచ్చింది. 2020 ఏప్రిల్ 10న సోనీ వారి ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో విడుదలైన ఈ ఆట ఇతర కంపెనీల కన్సోళ్ల గడప తొక్కడానికి ఇంచుమించు ఆరేళ్లు పట్టింది. ఆలస్యంగా వచ్చినా నిండుగా వచ్చింది: నింజా అమ్మాయి యూఫీ చుట్టూ అల్లిన రెండు అధ్యాయాల అదనపు కథ అందులో కలిసే ఉంది. మొదటి రోజునే పూర్తి ధర పెట్టి పీఎస్4 డిస్కు కొన్న ఆటగాడికి మాత్రం ఆ రెండు అధ్యాయాలు ఆ యంత్రంలో ఇవాళ్టికీ దొరకవు. ఒక కన్సోల్‌కే ప్రత్యేకమని చెప్పి అమ్మిన ఆటను, కొంతకాలం పోయాక మరికొంత సరుకు చేర్చి, మరో యంత్రానికి మలిచి (ఇలా మలిచిన ప్రతినే పోర్టు అంటారు) అమ్మడం న్యాయమేనా అన్న పాత ప్రశ్న దీంతో మళ్లీ ముందుకొచ్చింది.

మారియో, సోనిక్‌ల కాలం నుంచి కన్సోల్ కంపెనీలు ఆటలను తమ వద్దే కట్టేసుకున్న చరిత్ర పాఠకులకు తెలిసిందే కాబట్టి దాన్ని ఇక్కడ తిరగదోడనక్కర్లేదు. నేటి తగవుకు మూలం అక్కడ లేదు కూడా. సొంత స్టూడియోలో తయారైన ఆటను సొంత యంత్రానికే ఉంచుకుంటే అడగడానికి ఎవరికీ హక్కు లేదు. బయటి ప్రచురణ సంస్థ ఒక యంత్రం కొన్నవారికి మాట ఇచ్చి, ఆ మాట నమ్మి వారు డబ్బు పెట్టాక, అదే ఆటను ఇంకాస్త పెంచి ఎదుటి యంత్రానికి తీసుకెళ్లినప్పుడే చిక్కు మొదలవుతుంది. అది అందరి కళ్ల ముందూ జరిగింది ‘రెసిడెంట్ ఈవిల్ 4’ విషయంలో.

2002 నవంబరులో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ నింటెండో గేమ్‌క్యూబ్ కోసం ఐదు ఆటలు ప్రకటించింది. ఐదూ గేమ్‌క్యూబ్‌కే ప్రత్యేకమన్న అర్థం వచ్చేలా ఆ ప్రకటన ఉండటంతో, కొద్ది నెలల్లోనే కంపెనీ సవరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: నిజంగా ప్రత్యేకమైనది ‘రెసిడెంట్ ఈవిల్ 4’ ఒక్కటేనని. మిగతా నాలుగింటిలో ‘డెడ్ ఫీనిక్స్’ను మధ్యలోనే ఆపేశారు. ‘పి.ఎన్.03’ గేమ్‌క్యూబ్ దాటలేదు. ‘కిల్లర్7’ గేమ్‌క్యూబ్‌తో పాటు ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కూ వచ్చింది. ‘వ్యూటిఫుల్ జో’ 2004లో పీఎస్2కు వెళ్తూ, క్యాప్‌కామ్ వారి మరో ఆటలోని కథానాయకుడు డాంటేను ఆడదగిన పాత్రగా వెంట తీసుకెళ్లింది. ఆలస్యంగా వచ్చిన చోట అదనంగా ఏదో ఒకటి పెట్టాలన్న ఆలోచన ఆ కంపెనీలో అప్పటికే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మిగిలిన ఆ ఒక్క ఆట మీద మాట చాలా గట్టిగా పడింది. అది వేరే యంత్రానికి వెళ్తే తల నరుక్కుంటానని దర్శకుడు షింజీ మికామి అన్న మాట అప్పట్లో ప్రపంచమంతా ప్రచారమైంది. అయినా 2004 చివర్లో, గేమ్‌క్యూబ్ ఆట విడుదలకు ఇంకా రెండు నెలలకు పైగా ఉండగానే, పీఎస్2 రూపం కూడా వస్తుందని క్యాప్‌కామ్ ప్రకటించింది. వ్యాపారపరంగా కారణం వెతకనక్కర్లేదు. గేమ్‌క్యూబ్ తన జీవితకాలంలో అమ్ముడైంది మొత్తం 2.17 కోట్లు; పీఎస్2 అంతిమ లెక్క 15.5 కోట్లు దాటింది. ఆట 2005 జనవరి 11న అమెరికాలో గేమ్‌క్యూబ్‌కూ, అదే ఏడాది అక్టోబరు 25న పీఎస్2కూ వచ్చింది. తేడా తొమ్మిది నెలలు మాత్రమే.

ఆ తొమ్మిది నెలల్లో చేరిందేమిటో కాస్త దగ్గరగా చూడాలి. గేమ్‌క్యూబ్‌లో గూఢచారి పాత్ర ఎడా వాంగ్‌కు చిన్న మిషన్ ఒకటుండేది. అది కథకు కొత్తగా చేర్చేదేమీ లేదు. పీఎస్2లో ‘సెపరేట్ వేస్’ పేరుతో ఐదు అధ్యాయాల భాగమే వచ్చింది. ప్రధాన కథలో కథానాయకుడు లియోన్‌కు అప్పుడప్పుడూ ఎదురై మాయమయ్యే ఎడా, ఆ మధ్యకాలాల్లో ఎక్కడికి వెళ్లింది, ఎవరి కోసం పనిచేసింది, లియోన్‌ను ఎప్పుడెప్పుడు ఎలా కాపాడింది అన్న ఖాళీలన్నీ అందులోనే పూరించారు. కొత్త దుస్తులో, కొత్త తుపాకులో అయితే లేకపోయినా ఆట ఆటే. కథలోని సందేహాలకు సమాధానాలు వేరే పెట్టెలో పెట్టి అమ్మితే, మొదటి పెట్టె కొన్నవారికి దక్కిన కథ వెనక్కి తిరిగి అసంపూర్ణమవుతుంది. గేమ్‌క్యూబ్ అభిమానుల కోపానికి అసలు కారణం ఇదే. దాన్ని యంత్రాభిమానుల పోట్లాట అని తేల్చేసినవారు ఈ తేడాను గమనించలేదు.

అలాగని పీఎస్2 కొన్నవారు పూర్తిగా లాభపడ్డారా అంటే, అదీ లేదు. గేమ్‌క్యూబ్‌లో అప్పటికప్పుడు యంత్రం గీసి చూపిన కథా సన్నివేశాలను పీఎస్2లో ముందే రికార్డు చేసిన వీడియోలుగా మార్చారు. పరిసరాల్లో వివరమూ వెలుతురూ తగ్గాయి. అంటే ఒకరికి నాణ్యత, ఇంకొకరికి నిండుదనం దక్కాయి. రెండూ కావాలనుకున్నవారు 2007లో నింటెండో వారి తర్వాతి కన్సోల్ ‘వీ’ (Wii)కి వచ్చిన ప్రతి దాకా ఆగి, ఆటను మళ్లీ కొనాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన పీసీ ప్రతిని పీఎస్2 రూపం మీదే కట్టారు. మొదట్లో దానికి మౌస్‌తో గురిపెట్టే సౌకర్యం కూడా లేదు. గేమ్‌క్యూబ్ పెద్దగా కనిపించని మన దేశంలో ఈ ఆట తెలుగు ఆటగాళ్లలో చాలామందికి పీఎస్2 ద్వారానో పీసీ ద్వారానో పరిచయమైంది కాబట్టి, ‘సెపరేట్ వేస్’ తర్వాత అతికించిన భాగమన్న సంగతే మనలో ఎందరికో తట్టి ఉండదు.

ఫలితం క్యాప్‌కామ్ లెక్కల్లోనే ఉంది. గేమ్‌క్యూబ్ ప్రతి 16 లక్షలు, పీఎస్2 ప్రతి 23 లక్షలు అమ్ముడయ్యాయి. మాట తప్పడం వల్ల కంపెనీకి నష్టం రాలేదు, పైగా రెండో అమ్మకమే పెద్దదైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ప్రచురణ సంస్థలు నడిచిన దారికి ఈ రెండు అంకెలకు మించిన వివరణ అవసరం లేదని ఈ రచయిత అభిప్రాయం.

దీని నీడ మరీ కఠినంగా పడింది నామ్‌కో బందాయ్ వారి ‘టేల్స్ ఆఫ్ వెస్పీరియా’ మీద. 2008 ఆగస్టులో అది ఎక్స్‌బాక్స్ 360కి వచ్చినప్పుడు, ఆ యంత్రానికి అంతంత మాత్రం ఆదరణ ఉన్న జపాన్‌లో ఆట కోసమే కన్సోల్ కొన్నవారున్నారు. దుకాణాల్లో యంత్రాలు అయిపోయాయి కూడా. 2009 సెప్టెంబరులో పీఎస్3 ప్రతి వచ్చింది. అందులో ప్యాటీ అనే కొత్త పాత్ర ఉంది, కథానాయకుడి మిత్రుడు ఫ్లిన్ పూర్తిస్థాయిలో జట్టులో చేరాడు, అంతకుముందు మాటలే రాసి ఊరుకున్న సన్నివేశాలకు గొంతులు తోడయ్యాయి. అది కూడా జపాన్‌కే. మిగతా ప్రపంచం ఆ నిండు రూపాన్ని చూడటానికి 2019 జనవరి దాకా ఎదురుచూసింది. అప్పుడు కూడా ఇంగ్లిష్ ఆటలో కథానాయకుడు యూరీ రెండు గొంతులతో మాట్లాడతాడు: 2008 నాటి మాటలు ట్రాయ్ బేకర్‌వి, కొత్తగా చేర్చిన సన్నివేశాల్లోవి గ్రాంట్ జార్జ్‌వి. ఆటను రెండుసార్లుగా కట్టి అమ్మిన అతుకు పదకొండేళ్ల తర్వాత కూడా చెవికి తెలుస్తూనే ఉంటుంది.

ఇక్కడ కన్సోల్ కంపెనీల పాత్రను కూడా చెప్పుకోవాలి. 2011 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ నిబంధన ఒకటి పత్రికలకెక్కింది. ఎక్స్‌బాక్స్ 360కి వచ్చే ఆట ఇతర యంత్రాలతో పాటే రావాలి, డిస్కులో ఉండే సరుకు వాటికి తగ్గకుండా ఉండాలి. లేకపోతే ఆ ఆటను నిరాకరించే హక్కు కంపెనీ అట్టిపెట్టుకుంది. 2013లో చిన్న స్టూడియోల కోసం మొదలుపెట్టిన ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ పథకంలోనూ ఇదే తరహా షరతు వచ్చింది. ముందు వేరేచోట విడుదల చేసిన ఆటను ఎక్స్‌బాక్స్‌కు తేవాలంటే అదనంగా ఏదైనా చేర్చమని అడిగేవారు. ఎక్స్‌బాక్స్ వినియోగదారులు తాము రెండో వరుసలో ఉన్నామని అనుకోకూడదన్నది అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ చెప్పిన కారణం. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే స్టూడియోకు రెండు మూడు యంత్రాలకు ఒకేసారి ఆట సిద్ధం చేయడం తలకు మించిన పని కావడంతో వారి నుంచి గట్టి నిరసన వచ్చింది, క్రమంగా ఆ షరతు సడలింది. కానీ ఆలస్యపు పోర్టుకు అదనపు సరుకు జోడించడం అప్పటికే ఆనవాయితీగా స్థిరపడింది.

ప్రచురణ సంస్థల వాదనలోనూ కొంత నిజముంది. ఏడాది తర్వాత వచ్చే పోర్టుకు పత్రికల్లో చోటు దొరకదు, మొదటి ప్రతి ధర అప్పటికే పడిపోయి ఉంటుంది, కాబట్టి కొత్తగా ఏమీ లేకుండా పూర్తి ధర అడిగితే కొనేవారు తక్కువ. ఇన్నాళ్లు ఆగినవారికి ఏదో ఒకటి ఇవ్వాలనడంలో తప్పు లేదు. ఇచ్చినదాన్ని మొదటివారికి ఎందుకు ఇవ్వరన్నదానికి మాత్రం వారి నుంచి సూటి జవాబు రాలేదు. డిస్కులే దిక్కైన 2005లో అది కష్టమే. ప్రతి కన్సోల్‌కూ ఆన్‌లైన్ దుకాణం వచ్చాక ఆ సాకు నిలవదు.

సరిగ్గా ఆ కాలంలోనే పద్ధతి ఇంకో మెట్టు ఎక్కింది. ‘ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్’ పీఎస్4 పెట్టె మీద ముందుగా ప్లేస్టేషన్‌లో ఆడండి అన్న మాటతో పాటు, ఈ ప్రత్యేకత 2021 ఏప్రిల్ 10 వరకేనని తేదీతో సహా అచ్చువేశారు. చదివినవారెవరైనా ఆ మర్నాటి నుంచి ఆట వేరే యంత్రాలకు వస్తుందనే అనుకుంటారు. గడువుకు ఆరు వారాల ముందు, 2021 ఫిబ్రవరి 25న, ఇంటర్‌గ్రేడ్ ప్రకటన వచ్చింది. మెరుగుపరిచిన దృశ్యాలు, యూఫీ కథ, వాటితో పాటు కొత్త గడువు: కనీసం ఆరు నెలలు పీఎస్5కే. వెనక వచ్చిన యంత్రానికి సర్దుబాటుగా పుట్టిన అదనపు భాగం, ఇక్కడ మొదటి యంత్రపు కంపెనీ హక్కును పొడిగించడానికి ఉపయోగపడింది. పేరు మారితే ఆట మారినట్టే, పాత తేదీ చెల్లదన్నమాట. నాకు ఇది ‘రెసిడెంట్ ఈవిల్ 4’ కంటే బరువైన విషయంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కనీసం ఆట అమ్మకానికి రాకముందే రెండో ప్రతి సంగతి చెప్పారు. వేచి చూడాలనుకున్నవారికి ఆ వీలు దొరికింది.

పీఎస్4 యజమానుల మీద పడ్డ భారం వివరాల్లో తెలుస్తుంది. పీఎస్5 కొనుక్కుంటే ఆట మెరుగుదల ఉచితం, యూఫీ కథకు మాత్రం విడిగా 19.99 డాలర్లు. పీఎస్4 డిస్కు ఉండి, డిస్కు పెట్టే చోటు లేని చవక పీఎస్5 కొన్నవారికి ఆ ఉచితం వర్తించదు. 2021 మార్చిలో ప్లేస్టేషన్ ప్లస్ చందాతో ఆట పొందినవారికి డిసెంబరు దాకా ఆ అవకాశమే ఇవ్వలేదు. అదే డిసెంబరు 16న పీసీ ప్రతి వచ్చినప్పుడు యూఫీ కథ అందులో కలిసే ఉంది, 70 డాలర్ల ధరతో. అట్లస్ వారి ‘పెర్సోనా 5 రాయల్’ 2022 అక్టోబరులో ఇతర యంత్రాలకు వెళ్తూ, అంతకుముందు విడిగా అమ్మిన నలభైకి పైగా అదనపు వస్తువులను కలుపుకొని వెళ్లింది. పీఎస్4లో దాన్ని కొన్నవారికి పీఎస్5 ప్రతికి రాయితీ దారి కూడా లేకపోయింది.

వేరే పద్ధతి సాధ్యమేనని చూపింది మళ్లీ క్యాప్‌కామే. 2023 మార్చిలో ‘రెసిడెంట్ ఈవిల్ 4’ను కొత్తగా నిర్మించి విడుదల చేసినప్పుడు అందులో ‘సెపరేట్ వేస్’ లేదు. సెప్టెంబరు 21న దాన్ని 9.99 డాలర్లకు పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీలన్నింటికీ ఒకే రోజు ఇచ్చారు. పూర్వం డిస్కులో కలిసి వచ్చినదానికి ఇప్పుడు డబ్బు అడగడం ఏమిటన్న అభ్యంతరం సమంజసమే. అయినా ఏ యంత్రం కొన్నవారైనా ఒకే ధరకు, ఒకే రోజు, ఒకే కథ పొందారు. ఆటను రెండోసారి కొనాల్సిన పని పడలేదు.

స్క్వేర్ ఎనిక్స్ 2024 మే నెలలో వెల్లడించిన మూడేళ్ల ప్రణాళికలో అన్ని ప్రధాన యంత్రాలకూ ఆటలు తెస్తామని చెప్పింది. ఆ లెక్కన 2024 ఫిబ్రవరి 29న పీఎస్5లో ముందుగా వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్’ రెండో భాగం ‘రీబర్త్’ దగ్గర కూడా ఇదే ప్రశ్న కాచుకుని ఉంటుంది. దాని పోర్టుల్లో కొత్త కథేదైనా చేరిస్తే, పీఎస్5లో మొదట కొన్నవారికి అదే రోజున, ఆటను మళ్లీ కొననక్కర్లేకుండా అది అందుతుందా లేదా అన్నది ఆ కంపెనీ ఆర్డర్లు తీసుకునే ముందే రాతపూర్వకంగా చెప్పాలి.