బిషప్ కుర్చీ ఖాళీ అయితే: కర్నూలు, కడప పీఠాల నేపథ్యం

కర్నూలు కతోలిక బిషప్ పూల ఆంథోనీని హైదరాబాద్ అగ్రపీఠానికి (ఆర్చ్‌డయోసిస్‌కు) నియమిస్తున్నట్టు 2020 నవంబర్ 19న రోమ్ ప్రకటించింది. కర్నూలులో ఆయన స్థానానికి ఫాదర్ జోహాన్నెస్ గొరంట్ల పేరు వెలువడింది మాత్రం 2024 ఫిబ్రవరి 27న. కడపదీ అదే వరస. అక్కడ గల్లెల ప్రసాద్ 2018లో రాజీనామా చేస్తే, 2022 దాకా కొత్త బిషప్ రాలేదు. ఇన్నేళ్లు ఆలస్యమైతే విచారణల్లో (పారిష్‌లలో) గుసగుసలు మొదలవడం మామూలే. కానీ ఆలస్యానికి సగం కారణం నియామక పద్ధతిలోనే ఉంది. మిగతా సగం సీమ సంఘాల చరిత్రలో ఉంది.

ముందు పద్ధతి సంగతి. పీఠం ఎప్పుడు ఖాళీ అయినట్టో చాలామందికి స్పష్టంగా తెలియదు. బదిలీ ప్రకటన రాగానే ఖాళీ కాదు. బదిలీ అయిన బిషప్ రెండు నెలల్లోగా కొత్త పీఠాన్ని స్వీకరించాలి. అంతవరకు పాత చోట ఆయనకు తాత్కాలిక పాలకుడికుండే అధికారాలే ఉంటాయి. పూల ఆంథోనీ హైదరాబాద్‌లో బాధ్యతలు తీసుకున్నది 2021 జనవరి 3న. లెక్క ప్రకారం కర్నూలు ఖాళీ అయింది ఆ రోజునే.

వికార్ జనరల్ (బిషప్ తరఫున పాలన చూసే ఫాదర్) అధికారం బదిలీ కబురు అందగానే ముగుస్తుంది. పీఠం ఖాళీ అయిన క్షణంలోనే గురువుల (ఫాదర్ల) మండలి, పాస్టోరల్ కౌన్సిల్ రద్దవుతాయి. మిగిలేది కొందరు గురువులతో కూడిన కన్సల్టర్ల (సలహాదారుల) మండలి. రోమ్ నేరుగా ఎవరినీ పంపకపోతే, ఈ మండలి 8 రోజుల్లోగా 35 ఏళ్లు నిండిన ఒక గురువును పాలకుడిగా ఎన్నుకోవాలి. గడువు దాటితే ఆ హక్కు అగ్రపీఠాధిపతికి పోతుంది. మేత్రాసన (బిషప్ పాలన కింది ప్రాంతం) డబ్బు లెక్కలు చూసే ప్రొక్యురేటర్‌నే ఎన్నుకుంటే, ఆయన ఖజానా తాళాలు మరొకరికి అప్పగించాలి. సంతకం, పెట్టె ఒకే చేతిలో ఉండకూడదన్నది నియమం. మంచి నియమమే.

వచ్చిన పాలకుడికి ఒకటే గీత: పీఠం ఖాళీగా ఉన్నంతకాలం కొత్తగా ఏదీ మార్చకూడదు. తొలి ఏడాదిలో ఆయన సొంతంగా విచారణ గురువులను నియమించలేడు. విచారణను సన్యాస సభకు అసలే అప్పగించలేడు. పొరుగు మేత్రాసనం గురువును తన మేత్రాసనంలో చేర్చుకోవాలంటే ఏడాది గడవాలి, ఆపైన కన్సల్టర్లు ఒప్పుకోవాలి. సెమినరీ ముగించిన కుర్రవాడి గురుపట్టాభిషేకానికి అనుమతి పత్రం ఇవ్వాలన్నా వాళ్లు సరే అనాలి. పాలకుడు బిషప్ కాకపోతే మరో ఇబ్బంది ఉంది. పవిత్ర వారంలో క్రిస్మా అనే పవిత్ర తైలాన్ని బిషప్ తప్ప వేరొకరు ఆశీర్వదించలేరు. కాబట్టి పొరుగు బిషప్‌ను పిలవాలి, లేదా అక్కడి నుంచి తైలం తెప్పించుకోవాలి. ఆ తైలం లేకపోతే ఏడాది పొడవునా జ్ఞానస్నానాలకు, భద్రమైన అభ్యంగనాలకు (కన్ఫర్మేషన్లకు) ఇబ్బందే. బదిలీ కోసం ఎదురుచూసే గురువు, గుడి కప్పు పని మొదలుపెట్టాలనుకునే ఊరు, జీతం పెంపు అడుగుతున్న ఉపదేశి అందరూ వినేది ఒకే మాట: "కొత్త బిషప్ గారు రానీ."

ఇక ఎంపిక. ప్రతి అగ్రపీఠం పరిధిలోని బిషప్‌లు కనీసం మూడేళ్లకోసారి తగిన గురువుల జాబితా రహస్యంగా తయారుచేస్తారు. ఖాళీ వచ్చాక ఢిల్లీలోని పోపు రాయబారి ఆరా తీయడం మొదలుపెడతారు. ఎంపిక చేసిన గురువులకు, కొందరు విశ్వాసులకు ప్రశ్నపత్రాలు వెళతాయి. ప్రార్థన జీవితం, డబ్బు విషయంలో నడవడి, బంధువుల జోక్యం, ఆరోగ్యం వగైరా అన్నీ అడుగుతారు. పత్రం అందిందని బయటికి చెప్పడమే నేరం. వయసు కనీసం 35, గురువై అయిదేళ్లు దాటి ఉండాలి. వేదశాస్త్రంలోనో, బైబిల్లోనో, సంఘ చట్టంలోనో పెద్ద డిగ్రీ గాని, నిజమైన పట్టు గాని ఉండాలి. చివరికి మూడు పేర్లు రోమ్‌లో సువార్తీకరణ విభాగానికి చేరతాయి. మన మేత్రాసనాలు ఇప్పటికీ ఆ విభాగం కిందే ఉన్నాయి. పోపు ఒక పేరు ఎంచుకున్నాక ఆ గురువును అడుగుతారు. ఆయన వద్దంటే కథ మళ్లీ మొదటికి. ఒప్పుకుంటే రోమ్ మధ్యాహ్నం 12 గంటలకు ప్రకటన వస్తుంది. మనకది చలికాలంలో సాయంత్రం 4:30, వేసవిలో 3:30.

జాప్యం ఎక్కువగా ప్రశ్నపత్రాల దగ్గరే జరుగుతుంది. ఒక పేరు మీద ఒక వర్గం మంచి, మరో వర్గం చెడు రాస్తే రాయబారి మళ్లీ ఆరా తీయాలి. ఇక్కడే సీమ చరిత్ర అడ్డొస్తుంది. 18వ శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రెంచి జెస్యూట్ సన్యాసుల కర్ణాటక మిషన్ అనంతపురం వైపు మదిగుబ్బ రెడ్ల కుటుంబాలకు జ్ఞానస్నానం ఇచ్చింది. మాల, మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో చేరింది చాలా తర్వాత, 1876-78 కరువు కాలం నుంచి. తలల లెక్కలో వీరే ఎక్కువ, పెత్తనంలో మాత్రం కాదు. నెల్లూరు మేత్రాసనం 1928లో, కర్నూలు 1967 జూన్ 12న, కడప 1976 జనవరి 19న ఏర్పడ్డాయి. ఎల్లలు మారాయి గాని గుళ్లో కులాల బల్లల వరస మారలేదు. 2016 ఏప్రిల్‌లో కడప బిషప్‌నే అపహరించి కొట్టారు, అరెస్టయిన వారిలో గురువులూ ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో భారత బిషప్‌ల సమాఖ్య దళితుల విధానపత్రం విడుదల చేసి, సంఘంలో అంటరానితనం ఉందని, నాయకత్వంలో దళితుల వాటా తక్కువని ఒప్పుకుంది.

అందుకే పూల ఆంథోనీ జీవితం సీమవాళ్లకు ప్రత్యేకం. ఆయన 1961 నవంబర్ 15న గడివేముల దగ్గర చిందుకూరులో పుట్టారు. ఏడో తరగతి తర్వాత పేదరికంతో ఆగిన చదువు మిషనరీల చేయూతతో మళ్లీ సాగింది. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువయ్యారు. టేకూరుపేట, బద్వేలు, వీరపల్లి వంటి విచారణల్లో పనిచేశారు, బద్వేలులో అయిదేళ్లున్నారు. షికాగోలో చదివి వచ్చాక పేద పిల్లల, వృద్ధుల సహాయ సంస్థను నడిపారు. 2008లో కర్నూలు బిషప్, 2022 ఆగస్టు 27న కార్డినల్ (పోపు తర్వాతి పెద్ద హోదా). ఆ పదవి అందుకున్న తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే. ప్రభుత్వ లెక్కలో మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవుడు ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సి.

కర్నూలుకు వచ్చిన జోహాన్నెస్ గొరంట్ల కార్మెలైట్ సన్యాసి. స్థానిక గురుగణం నుంచి కాకుండా సన్యాస సభ నుంచి తేవడం రోమ్‌కు కొత్త కాదు, వర్గాల పోరు ఉన్నచోట ఆ దారి పనికొస్తుంది. దానికో ఖరీదుంది: ఏ గురువు ఏ ఊళ్లో ఇమడగలడో తెలుసుకోవడానికే ఏడాదో రెండేళ్లో పడుతుంది. అయిదేళ్లకోసారి మేత్రాసనం మొత్తం తిరిగి చూడాలన్న నియమం ఆయనకూ ఉంది. కర్నూలు మేత్రాసనం అంటే పాత కర్నూలు, అనంతపురం జిల్లాలు రెండూ. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా కర్నూలు, కడప ఇప్పటికీ హైదరాబాద్ అగ్రపీఠం కిందే ఉన్నాయి.