ఎవరిని అడిగి యుద్ధానికి వెళ్ళారు?

విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో ధర్నా చౌక్‌లోనో ఓ యాభై మంది అట్టలు పట్టుకుని, ఏ దూరదేశంలోనో జరుగుతున్న యుద్ధాన్ని ఆపమని నినాదాలిస్తే, దారినపోయేవాళ్ళలో ఒకరైనా "అక్కడెక్కడో యుద్ధమైతే బెజవాడలో వీళ్ళ గొడవేంటి?" అనకుండా ఉండరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది వారాలకే మన కిరాణా కొట్లలో సన్‌ఫ్లవర్ నూనె ధర మండిపోయింది. అక్కడ మెడిసిన్ చదివే పిల్లల ఇళ్ళలో తల్లిదండ్రులకు నిద్ర లేదు. దాదాపు 22,500 మంది భారతీయులు ఆ దేశం విడిచి వస్తే గానీ ఆ టెన్షన్ తగ్గలేదు. గొడవ మనదెందుకయిందో చెప్పడానికి ఇది చాలు. కానీ అసలు జవాబు ఇంకా పాతది. పరాయి దేశం మీద యుద్ధానికి మన మనుషుల్ని, మన డబ్బును వాడే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న మన స్వాతంత్ర్యోద్యమంతో పాటే పుట్టింది. దానికి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో జైళ్ళకు వెళ్ళినవాళ్ళున్నారు.

1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చినప్పుడు చేసిన చట్టంలో 55వ సెక్షన్ ఒకటుంది. దండయాత్రను తిప్పికొట్టడానికి తప్ప, దేశ సరిహద్దులు దాటి జరిగే సైనిక చర్యలకు భారతదేశపు ఆదాయాన్ని ఖర్చు పెట్టాలంటే బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభల అనుమతి కావాలి. పన్ను కట్టేది ఇక్కడి రైతు, అనుమతి ఇచ్చేది లండన్. ఆ తర్వాత అఫ్గానిస్తాన్‌కు వెళ్ళారు, ఈజిప్టుకు వెళ్ళారు, 1885 నవంబరులో ఎగువ బర్మా మీదికి వెళ్ళారు. మరుసటి నెలలో బొంబాయిలో 72 మందితో మొదటి కాంగ్రెస్ మహాసభ జరిగింది. అందులో ఎగువ బర్మాను కలుపుకోవడాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేశారు, సైనిక ఖర్చు పెరగడాన్ని తప్పుబట్టారు. అంటే పరదేశంలో ప్రభుత్వం చేసే యుద్ధాన్ని ప్రశ్నించడం కాంగ్రెస్ పుట్టిన రోజుల నాటి పని.

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. దాదాపు 74,000 మంది తిరిగి రాలేదు. ఇది కాక 10 కోట్ల పౌండ్లు భారతదేశం తరఫున బ్రిటన్‌కు కానుకగా రాసిచ్చారు. కానుక ఇచ్చినవాళ్ళను ఎవరూ అడగలేదు. గాంధీ కూడా 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని ఊరూరా తిరిగారు. సాయం చేస్తే స్వరాజ్యం దగ్గరవుతుందని నమ్మకం. వచ్చింది రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్.

ఆ దెబ్బ తర్వాతి గాంధీయే 1921లో బెజవాడ వచ్చారు. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టింది. పింగళి వెంకయ్య జెండా కథ వల్ల ఆ సమావేశం మనకు బాగా గుర్తు. అదే ఏడాది జులైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ మహాసభ బ్రిటిష్ సైన్యంలో కొలువు చేయడం ముస్లింలకు తగదని తీర్మానించింది. అందుకు ఖిలాఫత్ నాయకులు అలీ సోదరులకు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. సర్కారుకు మనిషిని ఇవ్వబోమన్న మాట అది. డబ్బు ఇవ్వబోమన్న మాట గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టడం మానేశారు. ఆ ఉద్యమం యుద్ధం గురించి కాదు, నిజమే. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత "యుద్ధానికి ఒక్క పైసా ఇవ్వం, ఒక్క మనిషిని ఇవ్వం" అన్న నినాదం దేశమంతా వినిపించినప్పుడు ఈ జిల్లాకు అది కొత్త పాఠంగా తోచి ఉండదని నా నమ్మకం.

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం జర్మనీతో యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కేంద్ర శాసనసభను అడగలేదు, ప్రజలు ఎన్నుకున్న రాష్ట్ర మంత్రివర్గాలను అడగలేదు. అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో ఉన్న దక్షిణాఫ్రికాలో మాత్రం పార్లమెంటులో ఓటింగ్ జరిగింది. 80 మంది యుద్ధానికి అనుకూలం, 67 మంది వ్యతిరేకం, ప్రధాని హెర్ట్‌జోగ్ పదవి పోయింది. కెనడా తన పార్లమెంటు చర్చించాక సెప్టెంబరు 10న విడిగా యుద్ధం ప్రకటించింది. 30 కోట్లు దాటిన మన జనానికి ఒక ప్రకటనతో సరిపెట్టారు. ఈ అవమానం ఎంత లోతుగా దిగిందో ఆ తర్వాతి సంఘటనలు చూస్తే తెలుస్తుంది. కాంగ్రెస్ ఏమీ హిట్లర్ పక్షం కాదు. నాజీలను నెహ్రూ అంతకుముందు నుంచే తిడుతూ వచ్చారు. ఫాసిజం మీద పోరాడతాం, కానీ స్వతంత్ర దేశంగా పోరాడతాం, ముందు మీ యుద్ధ లక్ష్యాలేమిటో చెప్పండి అన్నారు. సూటైన జవాబు రాలేదు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది, అందులో రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశం.

1940 అక్టోబరు 17న వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. ఈ ఉద్యమానికి పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లు దక్కడం నాకు బాధగా ఉంటుంది. దాని పద్ధతి చూడండి. గాంధీ అనుమతి పొందిన మనిషి, తాను ఏ తేదీన, ఏ ఊళ్ళో, ఏ చోట మాట్లాడబోతున్నాడో జిల్లా మేజిస్ట్రేటుకు ముందే ఉత్తరం రాయాలి. చెప్పిన చోటికి వెళ్ళి, బ్రిటిష్ యుద్ధానికి మనుషులనిచ్చి గానీ డబ్బిచ్చి గానీ తోడ్పడటం తప్పని చెప్పాలి. అరెస్టు చేస్తే జైలు. చేయకపోతే ఊరూరా అదే మాట చెప్పుకుంటూ ఢిల్లీ వైపు నడవాలి. గుంపులు లేవు, రాళ్ళు లేవు. 1941 మే నాటికి పాతిక వేల మందికి పైగా శిక్షలు పడ్డాయి. ప్రకాశం కూడా ఆ వరసలో చేరి జైలుకు వెళ్ళారు. ఆయన అంతకు ఏడాది ముందు వరకూ మంత్రి. యుద్ధానికి సాయం చేయొద్దన్నందుకు ఖైదీ.

కమ్యూనిస్టులదీ అప్పుడు అదే మాట. ఇది సామ్రాజ్యవాద యుద్ధమని కరపత్రాలు వేసి అజ్ఞాతంలో ఉన్నారు. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడటంతో లెక్క మారింది. కొన్ని నెలల తర్జనభర్జన తర్వాత వాళ్ళ దృష్టిలో అది ప్రజాయుద్ధమయింది, అంటే ఫాసిజాన్ని ఓడించడానికి తోడ్పడవలసిన యుద్ధం. 1942 జులైలో పార్టీ మీద నిషేధం తొలగింది, ఆగస్టులో క్విట్ ఇండియాకు వాళ్ళు దూరంగా ఉన్నారు. బెజవాడ రాజకీయాల్లో ఈ చీలిక తాలూకు మాటల గాయాలు చాలా కాలం మానలేదు. వాళ్ళ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రంగూన్ పడిపోయి తెలుగు కూలీలు అడవుల్లో నడుచుకుంటూ వచ్చారు. అప్పటికి యుద్ధం పరదేశపు సంగతి కాకుండా పోయింది. అయినా జనాన్ని అడగకుండా జనం పేరున యుద్ధం చేయడం సరైనదా అన్న ప్రశ్న అలాగే ఉంది. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆగస్టు 12న గుంటూరు జిల్లా తెనాలిలో రైల్వే స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఇవాళ్టి రణరంగ చౌక్ వాళ్ళ జ్ఞాపకమే.

ఇన్ని జైళ్ళ తర్వాత రాసుకున్న రాజ్యాంగంలో ఈ ప్రశ్నకు జవాబు ఉంటుందనుకుంటాం. లేదు. యుద్ధం, శాంతి అనే అంశం కేంద్ర జాబితాలో 15వది. సర్వ సైన్యాధిపత్యం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది, అంటే ఆచరణలో మంత్రివర్గానిది. అంతర్జాతీయ శాంతికి పాటుపడాలని 51వ అధికరణం చెబుతుంది గానీ అది ఆదేశిక సూత్రం, దాన్ని అమలు చేయమని కోర్టుకు వెళ్ళలేం. విదేశానికి సైన్యాన్ని పంపేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. అమెరికా రాజ్యాంగం యుద్ధం ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. వియత్నాం అనుభవంతో 1973లో ఇంకో చట్టం చేసి, అధ్యక్షుడు బలగాలను దింపితే 48 గంటల్లో చెప్పాలని, అనుమతి లేకుండా 60 రోజులు దాటకూడదని గిరి గీశారు. అధ్యక్షులు దాన్ని పదేపదే దాటారు, అది వేరే సంగతి. గిరి అయినా ఉంది.

మొదట్లో మన ప్రభుత్వాలు జాగ్రత్తగానే నడిచాయి. 1950లో కొరియాకు పోరాడే సైన్యాన్ని కాకుండా వైద్య దళాన్ని పంపారు. 1987లో ఆ జాగ్రత్త తప్పింది. జులై 29న కొలంబోలో శ్రీలంక ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన వెంటనే శాంతి దళం పేరుతో సైన్యం శ్రీలంకకు వెళ్ళింది. అక్టోబరుకల్లా ఎవరికి రక్షణగా వెళ్ళామన్నామో ఆ తమిళుల ప్రాంతంలోనే ఎల్‌టీటీఈ టైగర్లతో యుద్ధం. 1990 మార్చి 24న చివరి దళం తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు చనిపోయారు. వాళ్ళ ధైర్యం ఎంత నిజమో, వాళ్ళను పంపే ముందు పార్లమెంటులో ఓటు లేకపోవడం అంతే నిజం. పంపిన నిర్ణయాన్ని ప్రశ్నించడం జవాన్లను అగౌరవపరచడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళ ప్రాణానికి విలువ ఇచ్చేవాడే ఆ ప్రశ్న వేస్తాడు.

2003 నాటికి పాఠం కొంత వంటబట్టింది. ఫిబ్రవరి 15న వందలాది నగరాల్లో లక్షల మంది ఇరాక్ యుద్ధం వద్దని వీధుల్లోకి వచ్చారు. బ్రిటన్‌లో రాబిన్ కుక్ మంత్రి పదవి వదులుకున్నారు. అయినా అక్కడి కామన్స్ సభ 412-149తో యుద్ధానికే ఓటేసింది. మార్చి 20న దాడి మొదలైంది. సాకుగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు. ఏప్రిల్ 8న మన లోక్‌సభ ఆ దాడిని ఖండిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. తర్వాత అమెరికా, ఇరాక్‌లో శాంతిభద్రతల కోసం ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అడిగింది. పంపుదామన్న వాదన ప్రభుత్వంలోనూ పత్రికల్లోనూ గట్టిగానే నడిచింది. వామపక్షాలు, కాంగ్రెస్, చాలా ప్రజాసంఘాలు వద్దన్నాయి. జులై 14న వాజపేయి ప్రభుత్వపు భద్రతా వ్యవహారాల కమిటీ, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి లేకుండా పంపలేమని తేల్చింది. మంచి నిర్ణయం. కానీ దాన్ని తీసుకున్నది ఒక గదిలో కూర్చున్న కొద్దిమంది మంత్రులు. ఆ రోజు వాళ్ళు సరేనన్నా లోక్‌సభ తీర్మానం వాళ్ళను చట్టపరంగా ఆపగలిగేది కాదు. ఇవాళ కూడా అలాంటి తీర్మానానికి ఆపే శక్తి లేదు.