సర్కమ్‌సెల్లియన్లు: శత్రువుల రాతల్లోనే మిగిలిన జనం

ఇప్పటి అల్జీరియా, ట్యునీషియా నాలుగో శతాబ్దంలో రోమన్ ఆఫ్రికా. అక్కడి పొలాల వెంట తిరిగిన సర్కమ్‌సెల్లియన్ల గురించి చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. చేతిలో దుడ్డుకర్రలు, నోట ‘దేవునికి స్తోత్రం’ అనే కేక, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చే హతసాక్షులుగా చావాలని కొండల మీది నుంచి దూకడం. ఈ వర్ణన అంతా వాళ్లను అణచాలనుకున్న బిషప్పులు రాసిందే. వాళ్లు తమ గురించి తాము రాసుకున్న పుస్తకం ఒక్కటీ మన దాకా రాలేదు. వాళ్ల గురించి ఏ చరిత్రకారుణ్ణి చదివినా ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

వాళ్ల కథ వెనకున్న క్రైస్తవుల గొడవ మొదలైంది రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ హయాంలో. 303లో క్రైస్తవ గ్రంథాలు అప్పగించాలని ఆజ్ఞ వచ్చింది. కొందరు ప్రాణాలిచ్చారు, కొందరు బిషప్పులు పుస్తకాలిచ్చి బయటపడ్డారు. హింస ఆగాక, 311-312 ప్రాంతంలో సిసీలియన్ ఆ ప్రాంతపు ప్రధాన నగరం కార్తేజ్‌కు బిషప్ అయ్యాడు. ఆయనకు పదవినిచ్చినవారిలో పుస్తకాలు అప్పగించిన ద్రోహి ఉన్నాడంటూ చాలామంది ఒప్పుకోలేదు. వాళ్లు మెజోరినస్‌ను, ఆయన తర్వాత డొనాటస్‌ను ఎన్నుకున్నారు. డొనాటిస్టులు అనే పేరు అలా వచ్చింది. సర్కమ్‌సెల్లియన్లు ఈ పక్షం వెంట నడిచిన పల్లె గుంపులు. 313లో రోమ్‌లో, 314లో ఆర్ల్‌లో జరిగిన విచారణలు సిసీలియన్ వైపే తీర్పు చెప్పాయి. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొన్నాళ్లు బలప్రయోగం చేసి, 321లో మానుకున్నాడు.

ఆ శతాబ్దంలో ఆఫ్రికాలోని చాలా ఊళ్లలో డొనాటిస్టులదే పైచేయి. చరిత్రలో ‘చీలిక వర్గం’గా నమోదైనవాళ్లు తమ గడ్డమీద చిన్న గుంపేమీ కాదు.

సర్కమ్‌సెల్లియన్ల గురించి అన్నిటికంటే విలువైన సమాచారం డొనాటిస్టుల ప్రత్యర్థి, మిలేవిస్ బిషప్ ఆప్టేటస్ 360ల్లో రాసిన పుస్తకంలో ఉంది. ఆక్సిడో, ఫాసిర్ అనే నాయకులు అప్పు పత్రాల మీద ఎవరినీ వసూలు చేయనివ్వలేదట. యజమానులను బండి దింపి, బానిసలను ఎక్కించి, యజమానులను ముందు పరుగెత్తించారట. ఆప్టేటస్ దీన్ని నేరాల జాబితాగానే రాశాడు. నాకు మాత్రం అందులో అప్పుల కింద నలిగిన పల్లెల కోపం కనిపిస్తుంది. చివరకు డొనాటిస్టు బిషప్పులే వాళ్లను అదుపు చేయలేక సేనాధిపతి టౌరినస్‌ను పిలిచారనీ, సంతల్లో తిరిగే సర్కమ్‌సెల్లియన్లను సైనికులు చంపారనీ ఆయనే చెబుతాడు. అంటే వాళ్లు డొనాటిస్టు సంఘం చెప్పినట్టల్లా ఆడే సైన్యమని అనుకోవడానికి లేదు. 347లో చక్రవర్తి దూతలు పాల్, మకారియస్ ఐక్యత పేరుతో వచ్చినప్పుడు మాత్రం బగాయ్ ఊరి డొనాటిస్టు బిషప్ సర్కమ్‌సెల్లియన్లనే సాయానికి పిలిచాడు. అక్కడా రక్తం పారింది.

తర్వాతి తరంలో డొనాటిస్టులకు వ్యతిరేకంగా హిప్పో బిషప్ అగస్టీన్ కలం పట్టాడు. సర్కమ్‌సెల్లియన్లు ఎదుటి పక్షపు చర్చి గురువుల కళ్లలో సున్నం, వెనిగర్ కలిపి పోశారని రాసింది ఆయనే. ఆ దాడులు జరగలేదని నేననను. కానీ మొదట్లో బలవంతం వద్దన్న ఆయన, 408 నాటికి చట్టంతో దారికి తేవడం సరైనదేనని వాదించాడు. ఆ వాదన నిలబడాలంటే ఎదుటివాళ్లు ఎంత భయంకరంగా కనిపిస్తే అంత మేలు. డొనాటిస్టుల మీద సైనికులు చేసిన హత్యలకు ఆయన రాతల్లో అంత చోటు దొరకలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో చరిత్రకారుడు గిబ్బన్ ఈ చిత్రాన్నే తీసుకుని వాళ్లను మతోన్మాదులుగా చూపించాడు. 1952లో మరో చరిత్రకారుడు డబ్ల్యూ.హెచ్.సి. ఫ్రెండ్ దాన్ని తిరగేశాడు: డొనాటిజం రోమన్ ఆఫ్రికాలోని నుమిడియా పల్లెల్లో, స్థానిక బెర్బర్ జాతి పేదల నిరసన అన్నాడు. తవ్వకాల్లో బయటపడ్డ పల్లె చర్చిలు ఆయనకు ఆధారం. 1959లో ఎ.హెచ్.ఎం. జోన్స్ ఒప్పుకోలేదు. మతవిభేదాన్ని మతవిభేదంగానే చూడాలి, దాని వెనక జాతి ఉద్యమాన్ని వెతకొద్దన్నాడు. 2011లో బ్రెంట్ షా వాళ్లను కోతల కాలంలో ఊరూరా తిరిగే కూలీలతో ముడిపెట్టి, హింస గురించిన ప్రతి ఆరోపణనూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూసి తూకం వేశాడు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే ఇది పేదలను దేవతలనూ చేయదు, రాక్షసులనూ చేయదు.

411లో కార్తేజ్‌లో రెండు పక్షాల బిషప్పులు, ఒక్కోవైపు 280 మందికి పైగా, సామ్రాజ్య అధికారి మార్సెల్లినస్ ముందు వాదించుకున్నారు. డొనాటిస్టులు కూర్చోవడానికి నిరాకరించి నిలబడే మాట్లాడారు. లేఖకులు మాటకు మాట రాసుకున్నారు కాబట్టి, డొనాటిస్టు బిషప్ పెటిలియన్ గొంతు ఇప్పటికీ నేరుగా వినిపిస్తుంది. పల్లె కూలీలకు అలాంటి లేఖకులు దొరకలేదు. తీర్పు డొనాటిస్టులకు వ్యతిరేకంగా వచ్చింది.

మరుసటి ఏడాది, 412లో వచ్చిన చట్టం డొనాటిజం వదలనివాళ్లలో ఎవరికెంత జరిమానా అని హోదా ప్రకారం పట్టీ వేసింది. అందులో సర్కమ్‌సెల్లియన్లకు పది పౌండ్ల వెండి. బానిసలకు, కౌలుకు కట్టుబడ్డ రైతులకు జరిమానా లేదు: బానిసలకు యజమానుల మందలింపు, రైతులకు దెబ్బలు. ఇల్లూ వాకిలీ లేని ఉన్మాదులైతే పది పౌండ్ల వెండి ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్లు అధికారులకు తెలిసిన, ఒక హోదా ఉన్న పనివాళ్ల వర్గమా అనే చర్చకు ఈ చట్టమే పునాది.