చెంగల్వకోష్టు: అపోహలు - వాస్తవాలు

చార్మినార్ దగ్గర ఒక అత్తరు దుకాణంలో పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా అత్తర్లు, ధూపం పొడులు కలుపుతున్నాను. నా చేతిలో నలిగిన దినుసుల్లో జనం ఎక్కువగా పొరబడేది చెంగల్వకోష్టు అనే వాసన వేరు విషయంలోనే. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నలుగుపిండిలోకి కావాలని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది కలువ దుంప.

పేరు అలా ఉంది మరి. చెంగల్వ అంటే ఎర్ర కలువ కదా! కానీ ఈ వేరుకీ చెరువుకీ ఏ సంబంధమూ లేదు. ఇది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క వేరు. కశ్మీర్, హిమాచల్ కొండల్లో 2,500 మీటర్ల పైన, చలిలో పెరుగుతుంది. అక్కడ కుఠ్ అంటారు, మన యునానీ మందుల కొట్లలో ఖుస్త్ అంటారు. శాస్త్రీయ నామం సాసూరియా కాస్టస్. నర్సరీల్లో షుగర్‌కి మంచిదని అమ్మే ఇన్సులిన్ మొక్కనూ కాస్టస్ అనే పిలుస్తారు. అది అల్లానికి దగ్గరి చుట్టం, దానికీ ఈ కోష్టుకీ సంబంధం లేదు.

అపోహ: వట్టివేళ్లలాగే చల్లటి వాసన.

ఎండిన వేరును విరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. నూనె రాసి నాలుగు రోజులు తలంటుకోని జుట్టు గుర్తొస్తుంది, తడిసిన మేక గుర్తొస్తుంది. దాని వెనక నుంచి కట్టె వాసన, కాస్త పూల తీపి మెల్లగా బయటికొస్తాయి. బాగా పలచన చేసి గులాబీ కింద ఒక్క చుక్క వేస్తే, ఆ గులాబీకి మనిషి ఒంటి వెచ్చదనం వస్తుంది. ఇంత మొరటు వాసన అంత మెత్తని పని చేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పాతకాలపు పెర్ఫ్యూములు తయారుచేసినవాళ్లు దీన్ని వదల్లేకపోయింది అందుకే.

అపోహ: మొక్క నుంచి వచ్చిందే కదా, కెమికల్ కాదు కదా, ఒంటికి ఏమీ చేయదు.

నేనూ ఇలాగే నమ్మాను. కొన్నేళ్ల క్రితం మా అక్క కూతురి పెళ్లికి నలుగుపిండి నేనే కలిపాను. వాసన నిలవాలని కోష్టు చెయ్యి జారేంత వేశాను. ఆ రోజు ఏమీ కాలేదు. మూడో రోజు పిల్ల మెడ, చేతులు ఎర్రగా దద్దుర్లతో నిండిపోయాయి. రిసెప్షన్‌కి నిండు చేతుల జాకెట్టు వేసుకుంది. ఆ టెన్షన్ నేను మర్చిపోలేదు.

ఈ వేరులో కాస్ట్యునోలైడ్, డీహైడ్రోకాస్టస్ లాక్టోన్ అనే పదార్థాలు ఉంటాయి. ఇవి చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక తర్వాత కొంచెం తగిలినా అలర్జీ వస్తుంది, అదీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. అందుకే చాలామంది తప్పు కోష్టుది అనుకోరు, పెళ్లి భోజనం మీదికి నెడతారు. చామంతి కుటుంబపు అలర్జీని పట్టుకోవడానికి చర్మవైద్యులు వేసే ప్యాచ్ టెస్టు మందులో ఈ రెండు పదార్థాలూ ఉంటాయంటే చూడండి. మన ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. దాని వల్ల దురద వచ్చేవాళ్లు కోష్టు జోలికి అసలు పోవద్దు.

పెర్ఫ్యూమ్ పరిశ్రమకు నియమాలు పెట్టే ఇఫ్రా ఈ వేరు నూనెను సుగంధ దినుసుగా వాడొద్దని నిషేధించింది. యూరప్ సౌందర్య సాధనాల్లోనూ నిషేధమే. ఇప్పుడు సీసాల్లో వచ్చే ఆ వాసన చాలావరకు వేరే పదార్థాలతో కట్టినది. నేనూ అదే వాడతాను, నా వరకు అందులో నామోషీ లేదు.

అపోహ: అడవిలో తవ్వినదైతేనే అసలు సరుకు.

అడవి కోష్టు అంతరించే దశకు చేరింది. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో 1985లో దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలోకి చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందా ఇది రక్షిత మొక్క. హిమాచల్‌లోని లాహౌల్ రైతులు దీన్ని పొలాల్లో పండిస్తారు, తవ్వకానికి రెండు మూడేళ్లు పడుతుంది. అడవిదని గొప్పగా చెప్పి అమ్మేవాడి దగ్గర కొనకండి.

బేగంబజార్‌లో కోష్టు పేరుతో పుష్కరమూలం అనే మరో వేరును అంటగట్టిన సందర్భం నాకు ఎదురైంది. చూపుకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పోనీ ఇదైనా మంచిదేలే అనుకోకండి, పుష్కరమూలంలోనూ కోష్టులో అలర్జీ తెచ్చే పదార్థాల జాతి లాక్టోన్లే ఉన్నాయి.

మరి నలుగులోకి ఏం వేయాలి? మా ఇంట్లో ఇప్పుడు పెసరపిండి, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, అంతే. బావంచాలు కూడా తీసేశాను. అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. కోష్టు మాత్రం ధూపం డబ్బాలో ఉంది. దంచేటప్పుడు చేతులకు గ్లవ్స్, ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను.