ముత్తవ్వ నోటు పుస్తకం పీడీఎఫ్ అయిన విధం

తిరుపతి, బైరాగిపట్టెడ

చిరంజీవులైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. మీ ముత్తవ్వ నోటు పుస్తకం పీడీఎఫ్ చేసి పంపమని అందరూ అడిగారు, పంపాను. రెండో రోజే చిన్నది వాయిస్ మెసేజీ పెట్టింది: "తాతా, పెన్సిల్‌తో రాసిందేదీ కనపడల్యా." తప్పు నాదే. ఈసారి సరిగ్గా చేసి పంపుతున్నాను. ఎట్లా చేశానో కూడా రాస్తున్నాను. మీరూ కాలేజీ రికార్డులు, సర్టిఫికెట్లు ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి పంపేవాళ్లే కదా.

మొదటిసారి ఏదో వెబ్‌సైట్లో 112 ఫొటోలూ ఎక్కించాను. ఒక్కో ఫొటో 3 ఎంబీ చొప్పున 336 ఎంబీ సరుకు. అది తిరిగిచ్చిన ఫైలు 9 ఎంబీ! మిగతా 327 ఎక్కడికి పోయిందని బడిలో లెక్కలు చెప్పిన నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. చిన్న ఫైలు, పంపడానికి సులువని మురిసిపోయాను.

అసలు సంగతి ఇది. ఫోను తీసే జేపెగ్ ఫొటో ముందే కొంత వదిలేసుకుని పుడుతుంది. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ల గడులుగా కోసి, ఒక్కో గడిలో మన కంటికి పెద్దగా ఆనని సన్న తేడాలను తీసేస్తుంది. ఒకసారి అయితే ఫర్వాలేదు. ఆ ఫొటోను విప్పి, మళ్లీ జేపెగ్‌గా నొక్కితే, అంటే కంప్రెస్ చేస్తే, ఇంకాస్త పోతుంది. గాంధీ రోడ్డులో జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీయించినట్టు. ముందుగా పోయేది పెన్సిల్ గీతే. మా అమ్మ పాల లెక్కలన్నీ పెన్సిల్‌తోనే రాసేది.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. పీడీఎఫ్ చేయడానికి ఫొటోను మళ్లీ నొక్కాల్సిన పనే లేదు. అడోబ్ వాళ్లు 1993లో తెచ్చి, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైన ఈ పీడీఎఫ్ జేపెగ్‌ను ఉన్నది ఉన్నట్టు కడుపులో పెట్టుకోగలదు. కాగితాలను తిరిగి రాయక్కర్లేదు, కుట్టి అట్ట వేస్తే చాలు. ఆ అట్ట వేసే పనిముట్టు పేరు ఇమ్‌జీ2పీడీఎఫ్ (ఐ, ఎం, జీ, అంకె 2, పీ, డీ, ఎఫ్). విండోస్ బదులు నేను వాడే ఉబుంటులో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి దాని పేరు ఇస్తే వచ్చేస్తుంది. విండోస్ వాళ్లు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఉంటే, దానితో వచ్చే పిప్ ఆజ్ఞ ద్వారా తెచ్చుకోండి. ఫొటోలున్న ఫోల్డరులో టెర్మినల్, అంటే ఆజ్ఞలు కొట్టే కిటికీ, తెరిచి నేను కొట్టింది ఈ ఒక్క వరుస:

ఇమ్‌జీ2పీడీఎఫ్ --పేజ్‌సైజ్ ఏ4 *.జేపీజీ -ఓ అవ్వ.పీడీఎఫ్

ఉత్తరమంతా తెలుగులోనే రాయాలని నా పంతం. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లో కొట్టండి, ఏ4లో ఏ మాత్రం పెద్దక్షరం. పేజ్‌సైజ్ ఒకే మాట, ముందు రెండు గీతలు. జేపీజీ అంటే జేపెగ్ ఫొటో పేరు చివర ఉండే తోక; దాని ముందు నక్షత్రం గుర్తుకు 'ఇక్కడున్న జేపీజీలన్నీ' అని అర్థం. పేజీ కొలత చెప్పకుండా మొదట ఒకసారి కొట్టాను. ఫొటో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తెలియకపోతే అది 96 అనుకుంటుంది. 4000 పిక్సెళ్ల ఫొటో మీటరు పైచిలుకు పేజీ అయి కూర్చుంది. పెద్దోడు చూసి, "తాతా, ఇది నోటు పుస్తకమా, ఫ్లెక్సీనా?" అన్నాడు.

పెద్దోడు ఇమేజ్‌మ్యాజిక్ వాడమన్నాడు. ఫొటోలను మార్చడానికి అది గొప్ప పనిముట్టే, మీ అమ్మానాన్నలు చదువుకునే రోజుల నుంచీ ఉంది. కానీ ఈ పనికి వద్దంటాను. అది ఫొటోను విప్పి, మళ్లీ నొక్కి పెడుతుంది, అంటే మళ్లీ జిరాక్సే. పైగా 2018లో ఉబుంటులో భద్రత కోసం దాన్ని పీడీఎఫ్ ముట్టుకోకుండా కట్టేశారు. 'సెక్యూరిటీ పాలసీ' అని అరిస్తే మీ తప్పు కాదు. విండోస్‌లో దాని పాత ఆజ్ఞ కన్వర్ట్ అని కొడితే ఇంకో తమాషా: అదే పేరుతో డిస్కు పద్ధతి మార్చే ఆజ్ఞ విండోస్‌కే ఒకటుంది. అందుకే కొత్తదాంట్లో మ్యాజిక్ అని కొట్టమంటారు.

ఇక వరుస. ఫోను ఇచ్చే పేర్లలో తేదీ, సమయం ఉంటాయి కాబట్టి మామూలుగా వరుస తప్పదు. కానీ 37వ పేజీ వణికిందని మర్నాడు మళ్లీ తీశాను, అది చివరికి పోయింది. సరే, పేర్లు మార్చి 1, 2, 3 అని పెడితే ఇంకా గందరగోళం. నక్షత్రం గుర్తు పెట్టినప్పుడు కంప్యూటరు అంకెను అంకెగా చూడదు, అక్షరం అక్షరం చూస్తుంది. 1 పక్కన 10, 100 వచ్చి కూర్చుంటాయి, పాపం 2 ఎక్కడో వెనక నిలబడుతుంది. 001, 002 అని మూడేసి అంకెలు పెట్టండి. ఉబుంటు ఫైళ్ల కిటికీలో అన్నీ ఎంచి ఎఫ్2 నొక్కి, 001, 002 పద్ధతి ఎంచుకుంటే అదే పెడుతుంది.

మా అమ్మకు ఇది కంప్యూటరు లేకుండానే తెలుసు. ఆమె నోటు పుస్తకంలో ప్రతి అన్నమయ్య కీర్తన పక్కన రేకు నంబరు ఉంటుంది. తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో ఆ కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉండేవి కదా. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని పరిష్కరించి అచ్చు వేయించారు. పుస్తకంలో ఏ కీర్తన తీసినా ఇది ఫలానా రేకుది అని పట్టుకోవచ్చు. మీ ఫొటో పేరు కూడా ఆ రేకు నంబరు లాంటిదే.

కొత్త పీడీఎఫ్ దాదాపు 336 ఎంబీ ఉంది. అసలుది అట్లాగే ఉంచి, ఫోనులో చదువుకోవడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఇంకో పనిముట్టుతో ఈబుక్ పద్ధతిలో వేరే నకలు చేశాను. అది బొమ్మలను అంగుళానికి 150 చుక్కలకు తగ్గిస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫొటోలనే చిన్నవి చేద్దామని ఇమేజ్‌మ్యాజిక్‌లోని మాగ్రిఫై ఆజ్ఞ జోలికి పోకండి. అది నకలు తీయదు, అసలు ఫొటో మీదే రాసేస్తుంది. పాత్ అని వేరే ఫోల్డరు చూపిస్తేనే అసలు బతుకుతుంది. ఈ సంగతి నాకు 14 ఫొటోలు పోయాక తెలిసింది. పుస్తకం ఇంట్లోనే ఉంది కాబట్టి మళ్లీ తీసుకున్నాను.

పెద్దోడా, నీ దగ్గరున్న ఆ 9 ఎంబీ ఫైలు తీసేయి. చిన్నదానా, 64వ పేజీ పెద్దది చేసి చూడు. కింద పెన్సిల్‌తో 'ఊరుబిండి' అని పచ్చడి పేరు ఉంది, ఆ తర్వాత రెండు మాటలు నా కంటికి ఆనడం లేదు. ఏం రాసిందో చదివి చెప్పు.

ఇట్లు,
మీ తాత