స్క్రూ తిప్పే ముందు చెయ్యాల్సిన పని

ప్రియమైన పిల్లలూ,

హెడ్‌లైట్ వెలుగు పైకో కిందకో పడుతోందంటే చాలామంది వెంటనే బానెట్ ఎత్తి, లైటు వెనకున్న స్క్రూ మీద చెయ్యి వేస్తారు. మామూలు హాలోజన్ లైట్లకు అది చెల్లుతుంది. మలుపుల్లో స్టీరింగుతో పాటు తిరిగే జినాన్ లైట్లకు మాత్రం స్క్రూ దాకా రావడానికి ముందు చాలా పని ఉంది. మీలో కొందరు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతున్నారు, కొందరు ఇప్పుడిప్పుడే లైసెన్సు తీసుకున్నారు. అందుకే ఆ పని వరస, దాని వెనకున్న లెక్క మీకు రాసి పెడుతున్నాను.

జినాన్ బల్బులో ఫిలమెంట్ ఉండదు. చిన్న క్వార్ట్జ్ బుడ్డిలో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య జినాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు ఉంటాయి. స్విచ్ వేయగానే బల్లాస్ట్ అనే పెట్టె 20,000 వోల్టుల పైన దెబ్బ కొట్టి ఆ మధ్యలో మెరుపు పుట్టిస్తుంది. మొదట నీలంగా కనిపించి, లవణాలు ఆవిరైన కొద్దీ వెలుగు తెల్లబడి నిలకడకి వస్తుంది. 55 వాట్ల హాలోజన్ బల్బు సుమారు 1500 ల్యూమెన్ల వెలుగిస్తే, 35 వాట్ల జినాన్ 3200 దాకా ఇస్తుంది. కార్లలో ఇది మొదట 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. స్టీరింగుతో తిరిగే లైట్లు అంతకన్నా పాతవి. 1967లోనే ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ డీఎస్ కారుకు లోపలి రెండు లైట్లను కేబుళ్లతో స్టీరింగుకు కట్టి తిప్పారు. మన దేశంలో ఈ రెండూ కలిసిన బండి చూడాలంటే 2009లో వచ్చిన స్కోడా సూపర్బ్ పై మోడళ్లు మంచి ఉదాహరణ. శ్రీశైలం ఘాట్‌లో అలాంటి బండి నడిపితే, మనం తిరగబోయే వైపు వెలుగు ముందే పరుచుకోవడం కళ్లారా చూడొచ్చు.

ఇంత వెలుగు కొంచెం పైకి లేచినా ఎదుటివాడికి దారి కనపడదు. ఎంత కొంచెమో లెక్క వేద్దాం. లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. లో బీమ్, అంటే ఎదురు బండి ఉన్నప్పుడు వేసే కింది వెలుగు, దాని పై అంచును 1 శాతం కిందికి వంచి పెడతారు, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగుతుంది. అలా అది 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఇప్పుడు డిక్కీ నిండా సామాను వేసి వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెడితే వెనక దిగి ముక్కు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా చాలు, 75 మీటర్ల దగ్గర ఆ అంచు నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్లు సుమారు అక్కడే ఉంటాయి.

పోనీ భయపడి బాగా కిందికి దించేద్దామా అంటే అదీ ప్రమాదమే. అంచును ఒకటిన్నర శాతానికి దించితే 65 మీటర్ల వెలుగు కాస్తా 43కి వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం రెండు సెకన్లలో అయిపోతుంది. టెయిల్ లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ ఆ రెండు సెకన్లలోనే కనపడాలి, బ్రేకూ అందులోనే పడాలి.

అందుకే యూరప్ నిబంధనల్లో 2000 ల్యూమెన్లు దాటిన లో బీమ్ బల్బులకు బరువును బట్టి తనంతట తానే సర్దుకునే ఆటో లెవలింగ్ తప్పనిసరి చేశారు. అది పనిచేసేది సస్పెన్షన్ దగ్గరుండే సెన్సర్లతో. చక్రం పక్కన వంగి చూడండి. చాసిస్‌కు బిగించిన చిన్న నల్ల ప్లాస్టిక్ పెట్టె, దానికో చిన్న చెయ్యి, ఆ చేతి చివర నుంచి లోయర్ ఆర్మ్‌కు, అంటే చక్రంతో పాటు పైకీ కిందకీ ఆడే కింది చేతికి, పెన్సిలంత సన్నటి లింకు రాడ్, రెండు కొసలా బాల్ జాయింట్లు అనే గుండ్రటి కీళ్లు కనిపిస్తాయి. బండి దిగితే రాడ్ ఆ చేతిని తిప్పుతుంది, సెన్సర్ నుంచి వెళ్లే వోల్టేజ్ మారుతుంది, కంప్యూటర్ హెడ్‌లైట్ లోపలి మోటారును అంత మేర కదుపుతుంది. మన వానాకాలంలో బురద పట్టి ఆ బాల్ జాయింట్ బిగుసుకుపోతుంది, లేదంటే రాడ్ విరుగుతుంది. అప్పుడు కంప్యూటర్‌కు బండి వంగిందో లేదో తెలియదు. అలాంటి బండికి స్క్రూ తిప్పితే తప్పు లెక్క మీద ఇంకో తప్పు ఎక్కించడమే.

కాబట్టి మొదట బండిని చూడండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. డిక్కీ ఖాళీ చెయ్యండి, పెట్రోలు ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూడండి. డ్రైవర్ సీట్లో ఒక మనిషి, అంటే 75 కిలోల బరువు ఉండాలి. స్ప్రింగు దిగిపోయి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. వీల్ అలైన్‌మెంట్ కూడా సరిగ్గా ఉండాలి. స్టీరింగు కాస్త పక్కకు ఉంటే తప్ప బండి తిన్నగా పోవడం లేదంటే, లైట్లు కూడా తిన్నటి దారిలో పక్కకు చూస్తాయి మరి. తర్వాత స్కానర్, అంటే బండి కంప్యూటర్లతో మాట్లాడే పరికరం పెట్టి, అవి నమోదు చేసుకున్న ఫాల్ట్ కోడ్లు చదవండి. కోడ్ ఉంటే దాన్ని సరిచేసేదాకా ముందుకు వెళ్లొద్దు.

నేల చదునుగా ఉందో లేదో రసమట్టంతో చూసుకోవాలి. చాలా సెల్లార్లలో నీళ్లు పోవడానికి వాలు పెడతారు, అక్కడ ఈ పని కుదరదు. లైటు నుంచి గోడకు సరిగ్గా 10 మీటర్లు కొలవండి. లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టి, దానికి 10 సెంటీమీటర్ల కింద టేపు అంటించండి. హెడ్‌లైట్ మీద 1.0 శాతం అని అచ్చు వేసి ఉంటే ఇదే లెక్క, 1.2 అని ఉంటే 12 సెంటీమీటర్లు. ఒక్కో లైటుకు ఎదురుగా ఒక నిలువు గీత కూడా కావాలి.

ఇప్పుడు స్కానర్‌లో హెడ్‌లైట్ లెవలింగ్ కంప్యూటర్‌ను తెరవండి. ఆ కాలపు స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి బండ్లలో అది 55వ నంబరు. బేసిక్ సెట్టింగ్ ఇవ్వగానే లైట్లు కదిలి ఒక చోట ఆగుతాయి, లైట్లు సర్దుకోమని తెర మీద వస్తుంది. స్క్రూ పట్టాల్సింది అప్పుడు. ఒకటి పైకీ కిందకీ, ఇంకొకటి పక్కలకు. ఒక లైటుకు అట్ట అడ్డం పెట్టి రెండోది సర్దండి. వెలుగు అంచు కత్తిరించినట్టు ఉంటుంది, దగ్గరికెళ్లి చూస్తే దాని వెంట సన్నటి ఊదా చార కనిపిస్తుంది. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి అంచు కుడివైపు అడ్డంగా టేపు మీద ఉండాలి, నిలువు గీత దగ్గర మెలిక తిరిగి ఎడమకు పైకి లేవాలి. కుడివైపు చదునుగా ఉండేది ఎదురొచ్చేవాళ్ల కోసం. ఎడమవైపు లేచేది రోడ్డు వార నడిచే మనిషి కోసం, సైకిల్ కోసం, కోతల కాలంలో తారు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాళ్ల కోసం. జర్మనీ, అమెరికాల్లో మన పిల్లలు నడిపే బండ్లకు ఇది అటూ ఇటూ తారుమారు. జర్మనీ బండితో, ఎడమ పక్క నడిపే బ్రిటన్ వెళ్లేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలో వెలుగు పడకుండా ట్రావెల్ మోడ్ అనే సెట్టింగు పెట్టుకునేది ఇందుకే.

సర్దడం అయ్యాక స్కానర్‌లో రెండో మెట్టు ఉంటుంది, ఈ స్థానాన్ని నేర్చుకోమని కంప్యూటర్‌కు చెప్పడం. అది మరిచిపోతే పడ్డ కష్టమంతా వృథా. హై బీమ్‌కు వేరే సర్దుబాటు అక్కర్లేదు. బై జినాన్‌లో రెండింటికీ ఒకటే బల్బు, హై బీమ్ వేసినప్పుడు లోపల అడ్డంగా ఉన్న రేకు టక్కున దిగుతుంది, అంతే.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. లైటు వెలుగుతుండగా బల్బు కనెక్టరు లాగొద్దు, ఆ వోల్టేజ్ ప్రాణం తీస్తుంది. ఇంకా, హాలోజన్ లైటులో జినాన్ బల్బు కిట్టు పెట్టించొద్దు. బల్బు వెలుగును ముందుకు మళ్లించే ఆ లైటులోని అద్దపు గిన్నె ఫిలమెంట్ కొలతకు చేసింది. అందులో మెరుపు పెడితే వెలుగు అన్ని వైపులకీ చెదిరిపోతుంది, ఏ స్క్రూతోనూ దాన్ని దారికి తేలేరు.

ఇంట్లో జినాన్ బండి ఉంటే ఈ రాత్రే గోడ ముందు నిలిపి లైట్లు వేసి చూడండి. ముందు కిందికి దిగి, పైకి లేచి, తర్వాత తమ చోట ఆగుతాయి. రెండింట్లో ఒకటి కదలకపోయినా, రెండూ వేరువేరు ఎత్తుల్లో ఆగినా నాకు ఫోను చెయ్యండి, ముందు ఆ లింకు రాడ్ చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య