పెసర వేరుకు ఆ బుడిపెలెందుకు?

పిల్లలూ,

మీ దగ్గర్లో పెసర చేనో, అలసంద చేనో, వేరుశనగ చేనో ఉంటే, విత్తిన నెల రోజులకు ఒక మొక్క వేరు చూడండి. చేను ఎవరిదైతే వాళ్ళను ముందు అడగండి. కాడ పట్టుకొని లాగొద్దు. లాగితే మనం చూడాలనుకున్నవే తెగి మట్టిలో ఉండిపోతాయి. మొక్క చుట్టూ జానెడు వదిలి, పారతో మట్టిగడ్డ మొత్తం పైకి లేపండి. దాన్ని బకెట్ నీళ్ళలో పావుగంట నానబెట్టి మెల్లగా ఊపితే మట్టి జారిపోయి వేళ్ళు మిగులుతాయి. వాటి మీద ఆవగింజంత, కొన్ని ఇంకాస్త పెద్దవి, గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా లేతదో, పని చెయ్యనిదో. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే దాని పని అయిపోయినట్టు. కాయలు నిండే వేళకు చాలా బుడిపెలు అలాగే మారతాయి, అది తెగులు కాదు.

ఆ బుడిపెలో ఉండేది రైజోబియం అనే బ్యాక్టీరియా. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా మొక్కకు అది నేరుగా అందదు. రెండేసి నత్రజని పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉంటాయి, వాటిని విడదీసే శక్తి ఏ మొక్కకూ లేదు. రైజోబియం దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది ఆ బంధాలను తెంచి నత్రజనిని మొక్క వాడుకోగల అమ్మోనియాగా మారుస్తుంది. చిక్కేమిటంటే ఆ ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. అందుకని మొక్క ఆ బుడిపెలో లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువే ఇది. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, అవసరమైనంతే కొద్దికొద్దిగా వదులుతుంది. మీరు చూసిన ఎరుపు దానిదే.

ఇద్దరూ కలిసే పద్ధతి నాకు చాలా ఇష్టం. నత్రజని చాలనప్పుడు వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన రైజోబియం తిరిగి తన సంకేతాన్ని పంపుతుంది. అది అందగానే పెసర వేరుమీది సన్నటి నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాను లోపలికి తీసుకుంటుంది. వేరుశనగ దారి వేరు: పక్కవేరు తల్లివేరును చీల్చుకొని వచ్చే చోట ఏర్పడే సందులోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. అందుకే వేరుశనగలో బుడిపెలు పక్కవేళ్ళ మొదళ్ళ దగ్గరే ఎక్కువ. అన్ని పప్పుజాతి మొక్కలకూ ఒకే రైజోబియం సరిపోదు. పెసర, మినుము, అలసంద, వేరుశనగలకు మన నేలల్లో సాధారణంగా ఉండేవే పనికొస్తాయి. సోయాకూ మెంతికూ వేరే రకాలు కావాలి.

ఇదంతా ఉచితం కాదు. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత భాగాన్ని మొక్క ఈ బ్యాక్టీరియాకు పెడుతుంది. పనివాళ్ళకు అన్నం పెట్టి పని చేయించుకున్నట్టే అనుకోండి. మట్టిలో నత్రజని దండిగా దొరికితే ఆ ఖర్చు మొక్క ఎందుకు పెడుతుంది? బుడిపెలు తగ్గించేస్తుంది. పప్పు పైర్లకు యూరియా ఎక్కువ వేస్తే ఆకు ముదురు పచ్చగా పెరిగి, వేరు మాత్రం నున్నగా ఉండడానికి కారణం ఇదే. వర్షాధార వేరుశనగకు విత్తేటప్పుడు ఎకరాకు 18 కిలోల యూరియా చాలంటారు. బుడిపెలు పని మొదలుపెట్టే దాకా, అంటే మొదటి మూడు వారాలు, మొక్కను నిలబెట్టడానికే అది.

బుడిపెలు రాకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. చేలో నీళ్ళు నిలిస్తే గాలి ఆడక బుడిపెలు సరిగా రావు. ఎప్పుడూ పప్పుజాతి పైరు వెయ్యని నేలలో సరైన రకం తక్కువగా ఉంటుంది. భాస్వరం చాలకపోయినా బుడిపెలు చిన్నగానే ఉండిపోతాయి. బుడిపెలని మనం పొరబడేవి కూడా ఉన్నాయి: నులిపురుగుల కంతులు. వేలితో నెడితే రైజోబియం బుడిపె వేరు పక్కనుంచి ఊడి వస్తుంది. నులిపురుగు కంతి ఊడదు, ఎందుకంటే వేరే లోపలినుంచి ఉబ్బి ఉంటుంది.

రైతులు వాడే రైజోబియం పొట్లం 200 గ్రాములుంటుంది, ఎకరాకు సరిపడే ఎనిమిది కిలోల పెసర విత్తనానికి ఒకటి చాలు. పది గ్రాముల బెల్లాన్ని 100 మిల్లీలీటర్ల నీళ్ళలో మరిగించి పూర్తిగా చల్లార్చాలి. వేడిమీద కలిపితే పొట్లంలోని ప్రాణులన్నీ చస్తాయి. ఆ జిగురు విత్తనాలకు పట్టించి, పొడి చల్లి, నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తాలి. తెగులు మందు పట్టించాల్సి ఉంటే అది ముందు, అది ఆరాక చివరగా రైజోబియం. గడువు దాటిన పొట్లమూ, ఎండలో పెట్టిన పొట్లమూ దండగ.

వేరు చుట్టూ రైజోబియం ఒక్కటే ఉండదు. కొన్ని శిలీంధ్రాలు వేరుకంటే ఎంతో సన్నటి పోగులు చాచి, వేరు అందుకోలేని చోటినుంచి భాస్వరం తెచ్చిస్తాయి. హాని చేసేవీ అక్కడే కాచుకొని ఉంటాయి. వేరుశనగ మొలకను మట్టి మట్టాన కుళ్ళబెట్టి నల్లటి బూజు పట్టించేది అలాంటిదే. దాన్ని అడ్డుకొనే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులుంచితే అది ఎరువంతా అల్లుకుంటుంది. ఆ ఎరువును పదునున్న నేలలో వెయ్యాలి, పొడి నేలలో వేస్తే ఫలితం ఉండదు. తెగులు రాకముందే వెయ్యాలి కూడా. కుళ్ళిపోయిన మొక్కను అది బతికించలేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు బఠానీ మొక్కలను ఉత్త ఇసుకలో పెంచి, కొన్నిటికి పొలం మట్టి కలిపిన నీళ్ళు, కొన్నిటికి అవే నీళ్ళు కాచి పోసి చూశారు. గాలిలోని నత్రజని సంగతి అలాగే తేలింది. రెండేళ్ళకు బైయెరింక్ అనే డచ్ శాస్త్రవేత్త ఆ బ్యాక్టీరియాను వేరుచేసి చూపించాడు. మీరు పెసలతో అదే చెయ్యండి.

అడుగున చిల్లులు పెట్టిన నాలుగు సీసాలు తీసుకోండి. ఏటి ఇసుకను నీళ్ళు తేటపడేదాకా కడిగి, పెద్దవాళ్ళ సాయంతో అరగంట ఉడికించి నింపండి. ఒక్కోదానిలో అర చెంచా జల్లించిన పిడకల బూడిద కలపండి. మంటలో నత్రజని పోయి భాస్వరం, పొటాష్, సున్నం మిగులుతాయి, మనకు కావలసింది అదే. పెసర వేళ్ళ దగ్గరి మట్టి నాలుగు చెంచాలు తెచ్చి సగం చెయ్యండి. ఒక సగాన్ని కప్పు నీళ్ళలో ఇరవై నిమిషాలు మరిగించి చల్లార్చండి. రెండో సగాన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి, మరిగించొద్దు. మొదటిది రెండు సీసాల్లో, రెండోది మిగతా రెండిట్లో పోసి గుర్తు రాయండి. మట్టి రెండిట్లోనూ ఒకటే, తేడా ప్రాణుల్లోనే. సీసాకు నాలుగు పెసలు వేసి, మొలిచాక రెండు ఉంచండి. పొట్టు తీసిన పప్పు మొలవదు, గింజే కావాలి.

రోజూ కాచి చల్లార్చిన నీళ్ళే పొయ్యండి, ముందు మరిగించిన మట్టి ఉన్న సీసాలకే. సీసాలను ఇటుకల మీద ఎడంగా పెట్టండి, ఒకదాని నీళ్ళు ఇంకోదానిలోకి పోకూడదు. రెండు వారాల దాకా ఏ తేడా కనబడదు, కంగారు పడొద్దు. గింజలో దాచుకున్న నత్రజనితోనే మొక్క అప్పటిదాకా నడుస్తుంది. మూడో వారం తర్వాత మరిగించిన సీసాల్లో కింది ఆకులు ముందు పసుపెక్కాలి. చాలీచాలని నత్రజనిని మొక్క ముసలి ఆకుల్లోంచి తీసి లేత ఆకులకు పంపుతుంది గనక. అయిదు వారాలకు నాలుగూ తడిపి, బోర్లించి, వేళ్ళు కడిగి బుడిపెలు లెక్కపెట్టండి.

మరిగించిన సీసాలోనూ ఒకటి రెండు బుడిపెలు కనబడితే ప్రయోగం పాడైందనుకోకండి. నీళ్ళ చుక్కతోనో, మీ చేతితోనో, గింజతోనో కొద్దిపాటి బ్యాక్టీరియా చేరి ఉంటుంది. రెండు రకాల్లోనూ ఒక్కటీ రాకపోతే మాత్రం మీరు మట్టి తెచ్చిన చేలో మొక్కను లేపి చూడండి. అక్కడా బుడిపెలు లేకపోతే వేరే చేని మట్టితో మళ్ళీ మొదలుపెట్టండి. అక్కడ నిండా ఉంటే, మీ ఇసుకలో నీళ్ళు నిలిచాయేమో, సీసా చిల్లులు పూడుకున్నాయేమో చూసుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య